ఆ ప్రశ్న మనల్ని ఎవరూ అడగరు

మన దగ్గర ఒక ప్రశ్న ఉంది. దాన్ని అందరికీ వెయ్యం. మాలపల్లెకీ, మాదిగపల్లెకీ, కొండ మీది గూడేనికీ మాత్రమే వేస్తాం. "మీరు నిజంగా నమ్మే చర్చికి వెళ్ళారా, ఏదైనా ఇస్తారని వెళ్ళారా?" తాతల కాలంలో ఆ 'ఏదైనా' బియ్యం. నాన్నల కాలంలో పాలపొడి, గోధుమ నూక. ఇప్పుడు ఫారిన్ ఫండ్స్. సరుకు మారుతూ వచ్చింది, ప్రశ్న అలాగే ఉంది. హిందూత్వ మిత్రులు దాన్ని కోపంగా అడుగుతారు. మన అభ్యుదయ మిత్రులు జాలిగా అడుగుతారు, "పాపం, ఆకలి కదా" అని. నా పేచీ ఈ రెండో రకం వాళ్ళతోనే. ఎందుకంటే ఇలాంటి పత్రికల్లో రాసేదీ, చదివేదీ ఎక్కువగా వాళ్ళే.

నా సంగతే చూడండి. ఎంసెట్లో ర్యాంకు వచ్చింది, కంప్యూటర్ సైన్స్ తీసుకున్నాను. "బాబూ, నీకు కంప్యూటర్ల మీద నిజమైన ప్రేమ ఉందా, జీతం కోసం చేరుతున్నావా?" అని కౌన్సెలింగ్‌లో ఎవరూ అడగలేదు. అడిగితే నవ్వి ఊరుకునేవాళ్ళం. నా క్లాస్‌మేట్లలో చాలామంది అమెరికాలో ఉన్నారు. కొందరు అక్కడి పౌరులయ్యారు. పాత దేశానికి విధేయత వదులుకుంటున్నామని చెయ్యెత్తి ప్రమాణం చేస్తేనే ఆ పౌరసత్వం ఇస్తారు. ఆ ఫోటోల కింద మేమంతా కంగ్రాట్స్ పెట్టాం. డాలర్ల ప్రలోభానికి లొంగిపోయాడని ఒక్కరమూ అనలేదు. బతుకు బాగుపడుతుందని దేశం మారితే అవకాశం అంటాం. బతుకు బాగుపడుతుందని దేవుణ్ణి మారిస్తే ప్రలోభం అంటాం. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఈ ప్రశ్నని తెలుగు నేల మీద దశాబ్దాల పాటు ఎదుర్కొన్న ఒక మనిషి ఉన్నాడు. డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు. 1912 నుంచి 1945లో చనిపోయేదాకా అదే పీఠంలో ఉన్నాడు. విశ్వాసం గురించి, రాజకీయం గురించి, పొద్దున లేస్తే పల్లెలో ఎదురయ్యే అప్పు, మురికి, కల్లు గురించి ముప్పై ఏళ్ళకు పైగా మాట్లాడాడు, రాశాడు. వరంగల్ మీదుగా విజయవాడ వెళ్ళే రైలు ఎక్కినవాళ్ళందరూ ఆయన ఊరు దాటే వెళ్ళుంటారు. ఆయన పేరు విన్నవాళ్ళు మనలో ఎంతమంది?

నేను క్రైస్తవుణ్ణి కాదు. దేవుడి విషయంలో నాకు పెద్దగా పట్టింపు కూడా లేదు. అజరయ్య జోలికి వెళ్ళింది భక్తితో కాదు, పైన చెప్పిన తగువు తేల్చుకోవడానికి.

*

అజరయ్య 1874లో తిరునల్వేలి ప్రాంతంలో ఒక పల్లెటూరి పాస్టర్ ఇంట పుట్టాడు. కులం నాడార్. ఆ కులం వాళ్ళు కముది గుడిలోకి వెళ్ళారని పెట్టిన కేసు లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి, వాళ్ళకి లోపలికి వెళ్ళే హక్కు లేదని 1908లో తేలింది. అప్పటికి అజరయ్యకు ముప్పై దాటాయి. కాబట్టి గుడి మెట్ల దగ్గర ఆగిపోవడం అంటే ఏమిటో ఆయనకి పుస్తకాల్లోంచి తెలిసిన విషయం కాదు.

వైఎంసీఏ కార్యదర్శిగా దక్షిణాది అంతా తిరిగాడు. 1903లో తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ పెట్టినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. ఈ రెండో సంఘం పెట్టుకున్న నియమం ఏమిటంటే, మనుషులూ డబ్బూ నిర్వహణా మూడూ భారతీయులవే కావాలని. తిరునల్వేలి తమిళ క్రైస్తవులు తమలో తాము చందాలు వేసుకుని, నిజాం రాజ్యంలో ఉన్న డోర్నకల్‌ని తమ పనికి ఎంచుకున్నారు. 1909లో అజరయ్య గురువుగా అభిషేకం పొంది, కుటుంబంతో సహా అక్కడికి వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. 'తెల్లదొరల డబ్బుతో వచ్చిన ఏజెంటు' అన్న కథలో ఈ భాగం ఇమడదు. ఆ కథ చెప్పేవాళ్ళు దీన్ని వదిలేసి చెబుతారు.

అలాగని ఆయనకీ సామ్రాజ్యానికీ సంబంధమే లేదని నేననను. అది ఇంగ్లండు రాజు చర్చి. ఆయన్ని బిషప్ చెయ్యాలని పట్టుబట్టిన మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఇంగ్లీషువాడే. (లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళకి ఒక చిన్న సంగతి: ఈయన గణితజ్ఞుడు ఆల్ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కి అన్న.) కానీ తెల్ల మిషనరీల్లో చాలామంది ఆ ప్రతిపాదనకి అడ్డుపడ్డారు. ఒక భారతీయుడి కింద పనిచెయ్యడం వాళ్ళకి మింగుడుపడలేదు. చివరికి మొదట్లో ఆయనకి చాలా చిన్న డయాసిస్ అప్పగించారు. 1920లో అది కృష్ణా ప్రాంతపు మిషన్లని కూడా కలుపుకుని పెరిగింది. ఆయన బతికున్నంతకాలం ఇంకో భారతీయుడి చేతికి ఆంగ్లికన్ డయాసిస్ రాలేదు. ముప్పై రెండేళ్ళపాటు 'ఒకే ఒక్కడు'గా ఉండటం గౌరవమో, అవమానమో మీరే చెప్పండి.

ఆ తెల్ల మిషనరీల గురించి ఆయన నోరు మూసుకోలేదు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. 1200 మంది ప్రతినిధులు. ఆసియా వాళ్ళు ఇరవై మంది కూడా లేరు. ముప్పై అయిదేళ్ళ అజరయ్య వేదికెక్కి, దొరలు తమతో పనిచేసే భారతీయులని ఇంటికి పిలవరనీ, చెయ్యి కలపరనీ, కలిసి భోంచెయ్యరనీ వాళ్ళ ముఖం మీదే చెప్పాడు. మీరు మా కోసం చాలా త్యాగాలు చేశారు, ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు కావలసింది స్నేహితులు అన్నాడు. సభలో చాలామందికి అది నచ్చలేదు. తర్వాతి కాలంలో మిషనరీ చరిత్రలు రాసినవాళ్ళు మాత్రం ఆ ప్రసంగాన్ని వదల్లేకపోయారు.

ఇక్కడొక మాట గమనించాలి. ఆయన అడిగింది సహపంక్తి. పక్కన కూర్చుని తినడం. మన దేశంలో ఇంతకు మించిన రాజకీయం ఏముంది? గురజాడ రాసినా, కందుకూరి రాసినా, అంబేద్కర్ రాసినా చివరికి వచ్చి ఆగేది ఎవరి పక్కన ఎవరు కూర్చుని తింటారన్న దగ్గరే. 'చర్చి ఫాదర్లకి రాజకీయాలెందుకు, ప్రార్థనలు చేసుకోక' అనే మాట వినపడినప్పుడల్లా నాకు ఎడిన్‌బరో గుర్తొస్తుంది. ఒక పూట భోజనం గురించి మాట్లాడినా అది రాజకీయమయ్యే చోట, రాజకీయం అంటకుండా ప్రార్థన చెయ్యడం ఎలాగో ఆ సలహా ఇచ్చేవాళ్ళు చెప్పరు.

*

ఇప్పుడు గాంధీ దగ్గరికి వద్దాం. ఇక్కడే మన వాళ్ళకి ఇబ్బంది మొదలవుతుంది.

1935 అక్టోబర్‌లో యేవలాలో అంబేద్కర్, హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావను అని ప్రకటించాడు. దేశంలో ప్రతి మతం వాళ్ళూ అటు తిరిగి చూశారు. అజరయ్య డయాసిస్‌లో అప్పటికే మాల మాదిగలు వేల సంఖ్యలో చర్చిలోకి వస్తున్నారు. గాంధీకి ఇది నచ్చలేదు. తన చేతిలో అధికారం ఉండి చట్టం చెయ్యగలిగితే మతమార్పిడినంతా ఆపేస్తానని ఆయన 1935లోనే 'హరిజన్' పత్రికలో అన్నాడు. 1936 చివర్లో అమెరికన్ క్రైస్తవ నాయకుడు జాన్ మాట్ వచ్చి మాట్లాడినప్పుడు, మీరు ఆవుకి సువార్త బోధిస్తారా అని అడిగాడు. మతాల మంచి చెడ్డలు తేల్చుకోవడంలో అంటరానివాళ్ళు కొందరికి ఆవుకున్నంత తెలివి కూడా లేదన్నాడు. గొడవైంది. ఆవు నాకు పూజ్యం కదా, ఇందులో అవమానం ఎక్కడుంది అని తర్వాత సర్దిచెప్పుకున్నాడు.

గాంధీ ద్వేషంతో ఆ మాట అనలేదు. ప్రేమతోనే అన్నాడు. నాకు భయం వేసేది ఆ ప్రేమని చూసే. నీకు తెలీదు, నీ బదులు నేను ఆలోచిస్తాను, నీ ఆకలి నాకు అర్థమైంది కాబట్టి నీ నమ్మకం నకిలీదని నేను చెప్పగలను. పైన చెప్పిన జాలి మిత్రుల మాట ఇదే. కులం పేరుతో తిట్టేవాడు కనీసం ఎదుటివాడికి బుర్ర ఉందని భయపడతాడు. జాలిపడేవాడు ఆ బుర్రనే లెక్కలోంచి తీసేస్తాడు.

ఇది ఏనాటిదో మాట అనుకోకండి. చట్టంలోకి ఎక్కింది. 1967లో ఒడిశా చేసిన 'మత స్వేచ్ఛ' చట్టం బలవంతంతోనో ప్రలోభంతోనో మోసంతోనో మతం మార్చడాన్ని నేరం చేసింది. మారినవాళ్ళు మైనరో, స్త్రీయో, షెడ్యూల్డ్ కులం లేదా తెగ మనిషో అయితే శిక్ష రెట్టింపు. ఈ జాబితా ఇంకోసారి చదవండి. పసిపిల్లలు, ఆడవాళ్ళు, దళితులు, ఆదివాసులు. తమ మనసు తమకి తెలియనివాళ్ళు అని రాజ్యం అనుకుంటున్నవాళ్ళు. తర్వాత వచ్చిన చాలా రాష్ట్రాల చట్టాలు ఇదే బాట పట్టాయి. ఇలాంటి చట్టాలు చెల్లుతాయని 1977లో సుప్రీంకోర్టు కూడా అంది. ఒక బ్రాహ్మణ యువకుడు రమణాశ్రమం వదిలి జెన్ బౌద్ధానికి మారితే ఏ చట్టమూ అతని ఉద్దేశాన్ని తవ్వదు. అది అన్వేషణ. దాని మీద మనం వ్యాసం కూడా వేస్తాం.

*

మరి ఆ 'బియ్యం' మాటేమిటి? ఎవరూ ఏమీ ఆశించలేదా?

ఆశించారు. అజరయ్య దాన్ని దాచలేదు. బడి కావాలని వచ్చారు, భూస్వామి దెబ్బ నుంచి ఎవరైనా అడ్డుపడతారని వచ్చారు, బంధువులు వచ్చారని వచ్చారు, మనిషిలా పిలుస్తారని వచ్చారు. దేవుణ్ణి వెతుక్కుంటూ కూడా వచ్చారు. కృష్ణా తీరంలో రాఘవాపురం మాల పగోలు వెంకయ్య కథ మిషన్ చరిత్రల్లో ఉంది. విగ్రహాలు వదిలేసి, పేరు తెలియని దేవుడికి ఏళ్ళ తరబడి మొక్కుకుని, ఆ తర్వాత తనే బెజవాడలో మిషనరీని వెతుక్కుని వెళ్ళి, 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. దొర అతన్ని కనిపెట్టలేదు, అతనే దొరని కనిపెట్టాడు. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషన్‌లో మాదిగల ఉద్యమం మొదలుపెట్టిందీ యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగే. అక్కడి మిషనరీ క్లౌ 1876-78 కరువులో సహాయం పంచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. సహాయం ఆగిన తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. బియ్యం అయిపోయాక వచ్చిన ఈ 2,222 మందిని ఏ పేరుతో పిలుద్దాం?

అజరయ్య అధ్యక్షుడిగా ఉన్న నేషనల్ క్రిస్టియన్ కౌన్సిల్ తరఫున వాస్కమ్ పికెట్ అనే ఆయన దేశమంతా తిరిగి, ఈ సామూహిక ఉద్యమాల మీద 1933లో ఒక పుస్తకం వేశాడు. నువ్వెందుకు చేరావు అని వేలమందిని అడిగాడు. ఆధ్యాత్మిక కారణాలు చెప్పినవాళ్ళున్నారు, లౌకిక కారణాలు చెప్పినవాళ్ళున్నారు. తేలిందేమిటంటే, తర్వాత వాళ్ళ జీవితం ఎలా సాగిందన్నది వచ్చిన కారణం మీద కన్నా, వచ్చాక ఎవరు పట్టించుకున్నారు, ఏం నేర్పారు అన్నదాని మీద ఎక్కువ ఆధారపడింది. మా రంగంలో ఇది రోజూ చూస్తాం. జీతం కోసం చేరినవాడు అద్భుతమైన ఇంజనీర్ అవుతాడు, కోడింగ్ అంటే ప్రాణం అన్నవాడు రెండేళ్ళలో వదిలేస్తాడు. చేరేరోజు ఉద్దేశాన్ని బట్టి మనిషిని జీవితాంతం కొలవడం ఎంత తెలివితక్కువ పనో మనకి తెలుసు. మన విషయంలో తెలుసు.

అజరయ్య రాతల్లో నాకు అన్నిటికన్నా పదునుగా అనిపించింది ఇవ్వడం గురించిన ఆయన ఆలోచన. దాని మీద ఆయన ఒక పుస్తకమే రాశాడు. శైలి గొప్పగా ఉండదు. ప్రసంగంలా నడుస్తుంది, బైబిల్ వచనాల మధ్య పొడిపొడిగా. కానీ ఆయన అంటున్నది వింత విషయం: పేదవాళ్ళు ఇవ్వాలి. తీసుకోవడం కాదు, ఇవ్వాలి. చర్చి వాళ్ళది కావాలంటే దాని ఖర్చు వాళ్ళు మొయ్యాలి. తెలుగు పల్లె చర్చిల్లో ఒక అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేస్తుంది. వారం చివర అది చర్చికి పోతుంది. కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇళ్ళ సంగతి చెబుతున్నాను. బియ్యం కోసం మతం మారారని ఎవరిని అన్నామో వాళ్ళు తమ కుండలోంచి బియ్యం ఇచ్చారు. ఆ ఊళ్ళో దాత అనే స్థానం అంతకుముందెప్పుడూ వాళ్ళది కాదు. అడుక్కునేవాడిగా, అరవచాకిరీ చేసేవాడిగా మాత్రమే గుర్తున్న మనిషి చేతిని పైకి తిప్పడం, అదీ తన సొంత గింజలతో తిప్పడం, చిన్న మార్పు కాదు.

ఇంకోటి. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత తమ చెయ్యి తమ తల మీదే పెట్టించి, తెలిసింది పదిమందికీ చెప్పకుండా ఉండలేను అనే అర్థం వచ్చే పౌలు మాటలు అనిపించేవాడట. భక్తి సంగతి పక్కన పెట్టి చూడండి. వినడం తప్ప మాట్లాడటం తెలియనివ్వని మనిషికి, నీ దగ్గర చెప్పాల్సిన విషయం ఉంది, వెళ్ళి చెప్పు అంటున్నాడు. గాంధీ ఆవు అన్న మనిషిని ఆయన వక్తని చేస్తున్నాడు.

మురికి, జబ్బు, అప్పు, తాగుడు. ఈ నాలుగూ నాలుగు దయ్యాలని ఆయన పల్లెపల్లెనా చెప్పేవాడు. ఇక్కడ నాకూ కొంచెం చిరాకేస్తుంది. శుభ్రంగా ఉంటే కులం పోతుందా అని. అప్పు దయ్యమైతే అప్పిచ్చిన షావుకారు ఎవరు? కూలి తక్కువిచ్చే ఆసామి ఎవరు? ఆ పేర్లు ఈ నాలుగింటిలో లేవు. పేదవాణ్ణి బాగుచెయ్యడం గురించి అంత మాట్లాడినవాడు, పేదరికం నుంచి లాభం తీస్తున్నవాడి గురించి అంత గట్టిగా మాట్లాడలేదు. ఇది న్యాయమైన విమర్శే. కానీ ఈ విమర్శ చేసే హక్కు, వడ్డీ వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి కవిత్వంలో మాత్రం శ్రమజీవుల్ని కీర్తించేవాళ్ళకి ఎంతవరకు ఉందో కూడా ఆలోచించాలి.

*

నా అసలు గొడవ అజరయ్యతో వేరే చోట ఉంది.

1932లో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు ప్రకటించింది. ముస్లింలకి, సిక్కులకి, అణగారిన కులాలకి ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చినట్టే భారతీయ క్రైస్తవులకీ ఇచ్చింది. అణగారిన కులాలవి పూనా ఒప్పందంలో పోయిన సంగతి అందరికీ తెలుసు. క్రైస్తవులకి వద్దని అన్నవాళ్ళలో అజరయ్య ఒకడు. చర్చి ఒక రాజకీయ వర్గంగా కుదించుకుపోతుందని ఆయన భయం. ప్రతి బాప్తిస్మమూ ఒక ఓటుగా లెక్కకొస్తే, ఇక ఎవరి విశ్వాసాన్నీ ఎవరూ నమ్మరని.

ఈ వాదనలో బలం ఉంది. ఇవాళ కూడా చర్చి అంటే ఓటు బ్యాంకు అనే మాట వింటూనే ఉన్నాం. కానీ ఆయన ఏం చేశాడో చూడండి. పల్లెలో 'నీ ఉద్దేశం స్వచ్ఛమైనదేనా' అన్న పరీక్షని ఆయన తిప్పికొట్టాడు. ఆకలీ ఆత్మగౌరవమూ దేవుడూ కలిసే ఉంటాయి, విడదీయకండి అన్నాడు. రాజకీయంలోకి వచ్చేసరికి తనే ఆ పరీక్షకి కూర్చున్నాడు. మా విశ్వాసం అధికారం కోసం కాదు చూడండి అని నిరూపించుకోవాలనుకున్నాడు. ఎవరికి నిరూపించాలి? పరీక్ష పెట్టినవాళ్ళు ఎప్పుడైనా పాస్ చేస్తారా?

చెయ్యలేదు. అజరయ్య 1945 జనవరి 1న చనిపోయాడు. తను పాతికేళ్ళు కష్టపడ్డ చర్చిల ఐక్యత 1947 సెప్టెంబర్‌లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాగా రూపం తీసుకోవడం చూడలేదు. రాజ్యాంగ సభలో క్రైస్తవ నాయకులు అదే పెద్దమనిషి తరహాలో తమకి రిజర్వ్‌డ్ సీట్లు వద్దన్నారు. అందరూ మెచ్చుకున్నారు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులం మనిషి కాదంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని అందులో చేర్చారు. క్రైస్తవ మాల, క్రైస్తవ మాదిగ ఇప్పటికీ బయటే. మన రాష్ట్రాల్లో వాళ్ళు బీసీ-సి, ఒక్క శాతం. ఊరి చివర ఇల్లు మారలేదు, శ్మశానం మారలేదు, పిలుపు మారలేదు. సర్టిఫికెట్ మాత్రం మారిపోయింది. కులం హిందూమతానిది కాబట్టి మతం వదిలితే కులం పోతుందని రాజ్యం వాదన. కులం అంత సులువుగా పోయేదైతే దాన్ని వదిలించుకోవడానికి ఇన్ని తరాలు ఎందుకు పట్టాయి?

ఫలితం ఏమిటో మనందరికీ తెలుసు. ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబం, కాగితం మీద హిందువు. పిల్లకి స్కూల్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. ఇది చూసి మళ్ళీ మనమే, 'చూశారా, వీళ్ళకి ఏ మతం మీదా నిజాయితీ లేదు' అంటాం. రెండు నోళ్ళతో మాట్లాడక తప్పని పరిస్థితి కల్పించి, రెండు నోళ్ళున్నాయని తప్పుపడతాం. సీట్లు వదులుకున్న బిషప్‌లూ నాయకులూ పెద్దమనుషులనిపించుకున్నారు. దాని ధర కట్టింది పిడికెడు బియ్యం పక్కన పెట్టిన ఇల్లాలి మనవలు. అజరయ్య మీద నాకున్న కోపం ఇదే. మనుషుల మిశ్రమ ఉద్దేశాల్ని సమర్థించినవాడు, వాళ్ళ రాజకీయ ప్రయోజనాన్ని కూడా అంతే ధైర్యంగా సమర్థించి ఉండాల్సింది. అప్పు తీరాలని దేవుడి దగ్గరికి రావడం తప్పు కానప్పుడు, సీటు కావాలని అడగడం మాత్రం ఎలా తప్పవుతుంది?

*

చివరిగా మన ఇంటి సంగతి, అంటే సాహిత్యం సంగతి.

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో వచ్చింది. అప్పటికి అజరయ్య డోర్నకల్ వచ్చి పదమూడేళ్ళు. కృష్ణా డెల్టా నుంచి నంద్యాల వైపు దాకా మాలపల్లెలూ మాదిగపల్లెలూ చర్చిలు కట్టుకుంటున్నాయి. తెలుగు నేల మీద ఆ శతాబ్దంలో జరిగిన అతిపెద్ద సామాజిక కదలికల్లో అదొకటి. మన సాహిత్య చరిత్ర పుస్తకాల్లో దానికి ఎన్ని పేజీలున్నాయి? సంఘసంస్కరణ అంటే రాజమండ్రి, జాతీయోద్యమం అంటే గుంటూరు, విప్లవం అంటే నల్లగొండ, శ్రీకాకుళం. ఈ పటంలో డోర్నకల్ ఒక రైల్వే జంక్షన్ మాత్రమే. కళ్యాణరావు 'అంటరాని వసంతం' ఈ లోటుని చాలావరకు పూరించింది. కానీ ఆ నవలని మనం మెచ్చుకునేటప్పుడు కూడా అందులోని యెల్లన్న కళ గురించి మాట్లాడినంత, చర్చి గురించి మాట్లాడం.

జాషువా విషయం ఇంకా అన్యాయం. 1941లో వచ్చిన 'గబ్బిలం' మనకి కంఠస్థం. శివుడికి సందేశం పంపే అంటరానివాడు మనకి సౌకర్యంగా ఉంటాడు, తలుపు బయట నిలబడి లోపలి దేవుడినే అడుగుతున్నాడు కాబట్టి. అదే జాషువాకి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది ఏ పుస్తకానికి? 'క్రీస్తు చరిత్ర'కి. దాని మీద ఈ పదేళ్ళలో ఏ వెబ్ పత్రికలోనైనా వ్యాసం చదివిన గుర్తుందా మీకు? జయంతులకీ వర్ధంతులకీ ఎన్ని సభలు పెట్టాం, ఆ పుస్తకం గురించి ఎన్ని సభల్లో మాట్లాడాం? తలుపు బయట నిలబడ్డ జాషువా కావాలి. వేరే ఇంట్లోకి వెళ్ళి కూర్చున్న జాషువా మీద మనకి ఆసక్తి లేదు.

డోర్నకల్‌లో అజరయ్య కట్టించిన కెథెడ్రల్ ఉంది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. పాతిక సంవత్సరాలు పట్టింది కట్టడానికి. మసీదు గుమ్మటాలు, గుడి స్తంభాలు, లోపల సిలువ. ఇంగ్లండు నుంచి వచ్చిన మతానికి ఇంగ్లండు మొహం పెట్టకూడదని ఆయన పట్టుదల. పక్కనే ఆయన సమాధి. శిల్పకళ మీద ఆసక్తి ఉన్నవాళ్ళు హంపీకీ, లేపాక్షికీ వెళతారు. తప్పకుండా వెళ్ళండి. రామప్పకి వెళ్ళినప్పుడు ఇక్కడ కూడా ఒక పూట ఆగండి.

ఆగినా ఆగకపోయినా, ఒక పని చెయ్యమని మాత్రం అడుగుతాను. ఇంకోసారి ఎవరైనా మీ ముందు 'వాళ్ళు పాలపొడికి మారారండీ' అంటే వాదించక్కర్లేదు. మీరేం ఉద్యోగం చేస్తున్నారు, అందులో ఎందుకు చేరారు అని అడగండి. సమాధానం పూర్తిగా వినండి. ఆ సమాధానంలో అద్దె ఉంటుంది, పిల్లల ఫీజులుంటాయి, సొంతిల్లు ఉంటుంది, నలుగురిలో గౌరవం ఉంటుంది, కొంచెం ఇష్టం కూడా ఉంటుంది. రాఘవాపురంలో, డోర్నకల్‌లో, ఒంగోల్లో చెప్పిన సమాధానాలూ ఇవే.